‘ల’కూ ‘డ’కూ లడాయి

దూల వదలడం లేదని కొమురయ్య అన్నాడు. దూడ వదలడం లేదని దుర్గయ్య విన్నాడు. తప్పు ఇద్దరిదీ కాదు, హుజూర్‌నగర్ నుంచి కోదాడ పోయే బస్సుది. ఆ బస్సు సైలెన్సరుకు సైలెన్సంటే గిట్టదు.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం, ఎండాకాలం. కొమురయ్య మేళ్లచెరువులో సిమెంటు లారీ డ్రైవరు. కొన్నాళ్లుగా అతనికి ఒళ్లంతా ఒకటే దురద. మచ్చ లేదు, పొక్కు లేదు, దద్దురు లేదు. సూర్యాపేట డాక్టరు రక్తంలో ఉందన్నాడు. మిర్యాలగూడ డాక్టరు మనసులో ఉందన్నాడు. మనసును ఏ గోటితో గోకాలో మాత్రం చీటీలో రాయలేదు. కోదాడ డాక్టరు భూతద్దం పెట్టి వెతికి, "పైకి ఏం కనపడట్లేదు కదండీ" అన్నాడు, కొమురయ్యే ఎక్కడో దాచిపెట్టినట్టు. భార్య పద్మమ్మ మాత్రం భూతద్దం లేకుండానే రోగం కనిపెట్టింది. "పని జెప్తెనే నీకు గోకుడు యాదికొస్తది!"

చివరికి లారీ యజమాని తేల్చేశాడు. "స్టీరింగ్ వదిలేసి వీపు గోక్కుంటే లారీ పొలంలోకి పోదూ? సాయంత్రం వచ్చి నా ఎదురుగా నిలబడు. గోక్కున్నావో, తాళాలు ఇంకొకడికిస్తా."

అందుకే ఆ పొద్దున కోదాడలో ఇంకో డాక్టరుకు చూపించుకుని, పొద్దుగూకేలోగా మేళ్లచెరువు చేరాలని కొమురయ్య బస్సెక్కాడు. పక్క సీట్లో పశువుల దళారి దుర్గయ్య తగిలాడు.

"మూడు నెలల సంది దూల పట్టుకుందే అన్నా. వదుల్తలేదు," అన్నాడు కొమురయ్య.

"మూడు నెలల దూడనా? ఆడదా, మగదా?"

"దాంట్ల గూడ ఆడ, మగ ఉంటదా?"

"ఉండకెట్లుంటది! రంగేంది?"

"రంగెక్కడిదే, కంటికి కనపడితె గద!"

"అయ్యో పాపం, గుడ్డిదా! రాత్రిపూట సతాయిస్తదా?"

"కన్ను మూయనియ్యది. గోకుతనే ఉండాలె."

"గోకితే మచ్చికైతది తియ్యి."

"నాకు మచ్చికొద్దు, ఏమొద్దు! ఎవలన్న వదిలిస్తె దండం బెడ్త."

ఈ చివరి మాటకు మాత్రం ఏ సైలెన్సరూ అడ్డం రాలేదు. దుర్గయ్య కళ్లు మెరిశాయి. "నేనొదిలిస్త. గీ ముంగట తండాల హీరాలాల్ ఉన్నడు. ఆయన గిదే పనిమీదున్నడు. ఇప్పుడది యాడున్నది?"

"యాడుంటది? మీదనే ఉన్నది."

మీద అంటే ఒంటి మీద అని కొమురయ్య లెక్క. బస్సు మీద అని దుర్గయ్య లెక్క. హీరాలాల్ అనేవాడు దూల వదిలించే వైద్యుడు కాబోలనుకుని కొమురయ్య సంతోషం పట్టలేక రెండు చేతులా గోక్కున్నాడు.

నిజానికి హీరాలాల్‌కు వైద్యం రాదు. అతనికున్నది ఒక ముర్రా బర్రె. దాని దూడ చచ్చిపోయింది. అప్పటి నుంచి బర్రె చుక్క పాలు చేపడం లేదు. బర్రె బెంగ పెట్టుకుంది. హీరాలాల్ భార్య ద్వాళి అంతకు మించి బెంగ పెట్టుకుంది.

"దూడను తెచ్చిన!" అని కొమురయ్యతో పాటు తండా దగ్గర దిగుతూనే దుర్గయ్య కేక వేశాడు. హీరాలాల్ ఉరికొచ్చాడు. "ఏది?" "బస్సు మీద!" అప్పటికే బస్సు కదిలింది. "ఆపున్రి! దూడ మీదనే ఉన్నది!" అంటూ దుర్గయ్య వెంటపడ్డాడు. అతని వెనక హీరాలాల్ సైకిలెక్కాడు. హీరాలాల్ వెనక తండా తండా కదిలింది. కల్లాల దగ్గరి వాళ్లు దొంగలు పడ్డారనుకుని కర్రలు పట్టుకుని రోడ్డెక్కారు.

బస్సు ఆగింది. పైకెక్కి చూస్తే బియ్యం మూటలు, ఒక నులక మంచం. మధ్యలో దింపి అమ్ముకున్నావా అంటూ కండక్టరు కాలరు పట్టుకున్నారు. అతను కోదాడవాడు. "నా బస్సెక్కితే దూడకైనా టికెట్ కొడతానయ్యా! పదండి, ఆ దూడ గలాయన్నే అడుగుదాం," అన్నాడు. ప్రయాణికులతో సహా బస్సు వెనక్కి తిరిగింది.

ఈలోగా తండాలో ద్వాళి, "జర నీడకు కూసో అన్నా, ఆయనొస్తడు," అని కొమురయ్యను పశువుల పాకలో కూర్చోబెట్టింది. ఆమె అటు పోగానే అతను చొక్కా విప్పి గుంజకు వీపు రాయబోయాడు. అంతలో గరుకు నాలుక ఒకటి మెడ నుంచి నడుము దాకా జారింది. చెమట ఉప్పు రుచి తగిలిందేమో, బర్రె మళ్లీ నాకింది. ఏ డాక్టరుకూ అందని చోటు దానికి అందింది. "ఆడ్నే... జర కిందికి తల్లీ..." అంటూ కొమురయ్య కూర్చున్నచోటే గురక పెట్టాడు. బర్రె చేపింది. ద్వాళి చెంబు కోసం ఉరికింది.

బస్సు జనమంతా పాకలోకి తోసుకొచ్చారు. "దూడేదయ్యా?" అన్నాడు కండక్టరు.

కొమురయ్య ఉలిక్కిపడి లేచాడు. "దూడేంది? నేను జెప్పింది దూల! గిట్ల గోక్కునే దూల!" అని గోకి చూపించబోయాడు. చూపించడానికి ఎక్కడా దురద దొరకలేదు.

"‘ల’ అన్నవా?" దుర్గయ్య నీరసపడ్డాడు. "నాకు ‘డ’ ఇనపడ్డది. గందుకే బస్సు మీదున్నదనుకున్న."

"ఒక ‘ల’, ఒక ‘డ’!" కండక్టరు నలిగిన కాలరు సర్దుకున్నాడు. "ఇందుకా ఇంత లడాయి?"

ద్వాళి నిండిన చెంబు ఎత్తి చూపింది. "ఏదైతేంది? మా బర్రెకు గీ దూడ నచ్చింది. అన్నా, పూటపూటకు రావాలె!"

సాయంత్రం మేళ్లచెరువులో కొమురయ్య యజమాని ఎదుట చేతులు కట్టుకుని గుంజలా నిలబడ్డాడు. యజమాని ఎగాదిగా చూసి తాళాలు చేతిలో పెట్టాడు.

"ఏ డాక్టరయ్యా?"

"ముర్రా, సార్."

"ముర్రా గారా! హస్తవాసి మంచిదా?"

"హస్తం సంగతి తెల్వదు సార్. నాలుక మంచిది."

యజమాని తన మోకాళ్ల నొప్పికి కూడా టైమడిగి రమ్మన్నాడు.