మా అమ్మకు మతిమరుపు పరీక్ష

మతిమరుపు జబ్బని ఎవరన్నారు? అది వరం! ఆ వరం కూడా అందరికీ దక్కదు. మా పేటలో పుట్టి ఉండాలి.

నవ్వకండి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణే గానీ, ఈ సబ్జెక్టులో మాత్రం ఏ ప్రొఫెసర్‌కూ తీసిపోను. మా అమ్మ జీవమ్మను రోజూ దగ్గరుండి చూస్తున్నాను కదా!

ఇంత గట్టి మతిమరుపు ఊరికే వస్తుందా? దానికోసం ఎంతమంది కష్టపడ్డారు! చిన్నప్పుడు ఆమెను బడి గుమ్మం బయటే కూర్చోబెట్టిన అయ్యవారు కష్టపడ్డాడు. మాడుపగిలే ఎండలో పత్తికి మందు కొట్టించి, మూతికి గుడ్డపేలిక కూడా ఇవ్వని ఆసామి కష్టపడ్డాడు. బీపీ బిళ్లలు అయిపోయాయి, వచ్చే నెల రమ్మని ఆరేళ్లుగా చెబుతున్న ఆసుపత్రి కిటికీ అయితే అలుపు లేకుండా కష్టపడింది!

ఫలితం? అరవై రెండేళ్లకే అమ్మ నన్ను చూసి, "ఎవురప్పా నువ్వు? మా ఆనందం యాడన్నా కనపడినాడా?" అని అడుగుతోంది.

ఆనందం నేనే. చూశారా, కొడుకు బాధ్యత ఎంత సులువుగా తీరిపోయిందో!

అయినా మనసు ఒప్పదు కదా. ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలనిపించింది. పత్తికొండలో జ్ఞాపకశక్తి శిబిరం పెట్టారంటే తీసుకుపోయాను. డాక్టరమ్మ అమ్మ చేతికి పెన్ను ఇచ్చి, "గడియారం బొమ్మ గీయండి. ముళ్లు పదిన్నర చూపించాలి" అంది.

అమ్మ పెన్నును కొడవలి పట్టినట్టు పట్టుకుంది. "గడియారమెందుకు తల్లీ? పొద్దు సూస్తే తెలీదా?"

నూరులోంచి ఏడు తీసేయమంది డాక్టరమ్మ.

"తీసి ఎవురికియ్యల్ల?"

డాక్టరమ్మ కాగితం మడిచేసింది. "చదువు రానివాళ్లకు ఈ టెస్టు పనికిరాదు. ముసలితనం, అంతే!" జబ్బని రాయలేదు గనుక మందూ రాయలేదు. సైన్సు ఎంత ఎదిగిందో చూడండి! బడిలోకి రానివ్వకపోతే చాలు, ఆ మనిషికి రోగమే లేనట్టు!

తిరిగొస్తూ కోడుమూరు దారిలో మా ఊరి రామకోటయ్య టీ కొట్టు దగ్గర బస్సు దిగాం. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఊరివాళ్లు బెంచీ మీద కూర్చుని గాజు గ్లాసులో తాగుతారు. మా పేటవాళ్లం రోడ్డు వారగా నిలబడి కాగితం కప్పులో తాగుతాం. ఇదంతా హైజీను. అంటరానితనం ఏ కాలంనాటి మాట! రామకోటయ్య తల్లి సుబ్బరత్నమ్మగారికి ఎనభై నాలుగు. గల్లాపెట్టె పక్కన కూర్చుని, వచ్చినవాడు ఎవరి మనవడో, వాడికి గ్లాసో కప్పో తడుముకోకుండా చెప్పేస్తారు. పూటపూటా పాలు, ఏడాదికోసారి కర్నూలులో చెకప్పు. జ్ఞాపకశక్తంటే అదీ!

నేను కప్పులు తెచ్చేలోగా అమ్మ పోయి బెంచీ నడుమ కూర్చుంది. ఎదురుగా ఎవరికో టీ పోసిపెట్టిన గాజు గ్లాసు తీసుకుని ఊదుకుంటూ తాగసాగింది.

కొట్టంతా బిగుసుకుపోయింది. రామకోటయ్య పొయ్యి దగ్గర్నుంచి ఇవతలికొచ్చాడు. "ఏమప్పా ఆనందం, మీయమ్మకు మతి పూర్తిగా పోయినట్టుండాదే! పెద్దాసుపత్రిలో సూపీకుండా ఏం జేస్తాండావు?"

"పాపం, శానా ముదిరిపోయింది" అన్నారు సుబ్బరత్నమ్మగారు.

విన్నారా! పెన్ను లేదు, కాగితం లేదు, ఒక్క గుటకకే రోగం తేలిపోయింది. ప్రభుత్వం వారికి నా మనవి: ఆ శిబిరాలు ఎత్తేసి, టీ కొట్లకే డాక్టర్ల బోర్డులు ఇచ్చేయండి! కన్నకొడుకును మరిచిపోతే ముసలితనం. తన చోటు మరిచిపోతే రోగం. ఇంత తేటగా ఏ డాక్టరు చెప్పగలడు?

అమ్మ ఇవేమీ పట్టించుకోలేదు. బెంచీ మీద కాస్త జరిగి, పక్కన చోటు చూపించింది.

"ఏమప్పా, నిలబడుకోనే ఉండావే? రా, ఈడ కూసో."

నేను కూర్చోలేదు. నా జ్ఞాపకశక్తి నిక్షేపంగా ఉంది.