ఎలుగుబంటి కొడుకూ, పక్షిదోషం చట్టమూ

ఒక పెద్ద అడవిలో కొన్నాళ్ళుగా ఎవరికీ కంటి మీద కునుకు లేదు. పులి భయం వల్లా కాదు, కార్చిచ్చు వల్లా కాదు. సూరాలు అనే ఎలుగుబంటికి కొడుకు పుట్టాడు, అదీ సంగతి.

పుట్టినవాడు ఊరుకోడే! తెల్లారితే ఏడుపు, పొద్దుగూకితే ఏడుపు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి, కాస్త ఊపిరి కూడదీసుకుని మళ్ళీ మొదలు. తండ్రి ఎలుగు తేనె తెస్తానని చెప్పి ఎటో వెళ్ళాడు. ఆ తేనె ఇంకా దొరికినట్టు లేదు.

ఎలుగుబంట్ల ఆచారం ప్రకారం సూరాలు బిడ్డను వీపున మోసేది. కాబట్టి ఏడుపంతా సరాసరి ఆమె చెవిలోనే. మిగతా అడవికి అది గోల. ఆమె మాత్రం అడుగడుక్కీ ఆగి వాడి ఒళ్ళు తడిమి చూసుకునేది.

ఎత్తుకునేవాళ్ళు లేరు గానీ, సలహాలు చెప్పేవాళ్ళు చెట్టుకొకరు.

"వస అరగదీసి నాలిక్కి రాయవే," అంది కొండముచ్చు మంగత్త.

రాసింది. వాడు అంతకుముందు కంటే స్పష్టంగా ఏడవసాగాడు.

"ఎవరి కళ్ళు పడ్డాయో ఏమో. దిష్టి తియ్యి," అంది మంగత్త మర్నాడు.

తీసింది. దిష్టి పోయిందేమో గానీ ఏడుపు పోలేదు.

"నాకు ముందే తెలుసు," అంది మంగత్త, తోకతో నేల కొడుతూ. "నీ పాలు వేడి చేశాయి. చీమలూ చెదలూ తిని పాలిస్తే ఏ బిడ్డ ఊరుకుంటాడే? పచ్చి బాలింతవి. నోరు కట్టుకో. పథ్యం ఉండు."

ఎలుగుబంటికి చీమలూ చెదలే అన్నమూ కూరా. అయినా బిడ్డ కోసం సూరాలు నోరు కట్టుకుంది. ఎండిన దుంపలు నమిలింది. నాలుగు రోజులకే ఒళ్ళు చిక్కింది, పాలు తగ్గాయి. పాలు తగ్గిన కొద్దీ వాడి ఏడుపు పెరిగింది.

"చూశావా? పథ్యం సరిగ్గా చెయ్యట్లేదు నువ్వు!" అంది మంగత్త.

ఇదంతా ఇలా జరిగిపోతూనే ఉండేది, ఏడుపు వల్ల ఒకనాడు సర్పంచ్‌గారి మధ్యాహ్నపు నిద్ర చెడకపోతే. సర్పంచ్ అడవిదున్న భద్రయ్య. ఎప్పుడో యవ్వనంలో ఒకసారి కొమ్ములు విసిరాడట. ఆ పేరు మీదే ఇన్నేళ్ళుగా కుర్చీలో ఉన్నాడు. వెంటనే సభ పెట్టించాడు.

"అమ్మా సూరాలూ, ఆ పిల్లాడికి నువ్వైనా చెప్పు, లేదా మమ్మల్ని చెప్పమంటావా?"

"పసిబిడ్డ బాబుగారూ. వాడు ఏడవక ఉపన్యాసం ఇస్తాడా?"

"ఉపన్యాసమైతే హాయిగా నిద్రపోయేవాళ్ళం కదమ్మా," అన్నాడు భద్రయ్య, నిజాయితీగానే.

పంచాయతీ కార్యదర్శి నక్క కామేశం గొంతు సవరించుకున్నాడు. "తీర్మానం సిద్ధంగా ఉందయ్యా. అమావాస్యలోగా ఏడుపు మానకపోతే తల్లినీ బిడ్డనీ వాగు అవతలికి పంపించేద్దాం."

వాగు అవతల చిరుతలుంటాయి. పిల్ల ఏడుపు వాటికి వడ్డించామని పిలిచినట్టే. సూరాలు రెండు చేతులూ జోడించింది.

"అంత పని చెయ్యకండి బాబూ. మీకు పుణ్యం ఉంటుంది, ఒక్క పూట ఎవరైనా వీణ్ణి ఎత్తుకోండి. నేను కాస్త తిని, కాస్త పడుకుంటాను. ఆ తర్వాత ఏదో ఒకటి చేసి ఊరుకోబెడతాను."

సభలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. మంగత్త చెట్టెక్కేసింది.

అప్పుడు లేచాడు ఉడుము సిద్ధాంతి. మెల్లగా నడుస్తాడు, మెల్లగా మాట్లాడతాడు. అందుకే అందరూ పండితుడనుకుంటారు. బిడ్డను ఒక కంటితో చూశాడు, ఆకాశాన్ని రెండో కంటితో చూశాడు.

"పక్షిదోషం," అన్నాడు. "బిడ్డ మీద ఎగిరే పిట్ట నీడ పడింది."

"ఏ పిట్ట?" అన్నాడు భద్రయ్య.

"అది తేలేదాకా అన్ని పిట్టలూ."

ఇక ఆ మాట మీద ఉడుంపట్టు పట్టాడు. కామేశం వంతపాడాడు. ఇద్దరికీ గుడ్లంటే ప్రాణమనీ, పిట్టలు వెళ్ళిపోతే గూళ్ళు ఇక్కడే ఉంటాయనీ సభలో కొందరికి తట్టకపోలేదు. తట్టినవాళ్ళు తలకాయ గోక్కుంటూ కూర్చున్నారు.

చట్టం వచ్చింది. అడవిలో పక్షులు స్వేచ్ఛగా ఎగరవచ్చు, నీడ మాత్రం పడకూడదు.

"ఎగిరాక నీడ పడదా స్వామీ?" అంది గోరింక.

"అది మీ సొంత విషయం. పంచాయతీ అందులో జోక్యం చేసుకోదు," అన్నాడు కామేశం.

పిట్టలన్నీ గుంపులు గుంపులుగా లేచిపోయాయి. గోరింక మాత్రం సూరాలు దగ్గర ఒక్క క్షణం వాలింది. "నీ కొడుకు పేరు చెప్పి మా కొంపలు ముంచారు గదమ్మా!"

"నేనడిగింది అది కాదు తల్లీ. కాస్త ఎత్తుకోమన్నాను, అంతే," అంది సూరాలు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. తన బిడ్డ వల్ల ఇంకొకరి బిడ్డలు గూళ్ళలో మిగిలిపోయారన్న మాట ఆమెను చాలాకాలం గుచ్చుతూనే ఉంది.

కామేశమూ సిద్ధాంతీ కొన్నాళ్ళు కడుపునిండా గుడ్లు తిని తేన్చారు. ఆ తర్వాత గూళ్ళు ఖాళీ. పెట్టేవాళ్ళే లేకపోతే కొత్త గుడ్లెక్కడివి? అంత దూరం ఆలోచించే అలవాటు వాళ్ళిద్దరికీ లేదు.

పిట్టలు పోయినా బుడ్డోడు ఏడుస్తూనే ఉన్నాడు. చంద్రుడు రోజురోజుకీ అరిగిపోతున్నాడు. సూరాలు వాగు వైపు చూడడం మానేసింది.

ఇంతలో తొలకరి పడింది. వాన వెలిసీ వెలవగానే పుట్టల్లోంచి రెక్కలొచ్చిన చెదలు, అవే ఉసుళ్ళు, లేచాయి. ఏటా వాటిని గాల్లో ఉండగానే పిట్టలు ఏరుకుతినేవి. నేలకి దిగేవి నాలుగో ఐదో. ఈసారి ఆపేవాళ్ళు లేరు. రెక్కలు రాల్చుకుంటూ కుప్పలుగా పడ్డాయి. సూరాలు ముక్కు మీద పడ్డాయి, మూతి మీద పడ్డాయి. ఒకటి నోట్లోనే పడింది.

పథ్యం గుర్తొచ్చింది. మంగత్త గుర్తొచ్చింది. ఆ రెంటినీ ఉసుళ్ళతో కలిపి నమిలి మింగేసింది.

కడుపు నిండేదాకా తింది. మర్నాడూ తింది, ఆ మర్నాడూ తింది. పాలు పొంగి వచ్చాయి. బుడ్డోడు చప్పరించి, చప్పరించి, పెదాల మీద పాలచుక్కతో నిద్రపోయాడు. ఏడుపు ఆగేసరికి సూరాలుకి భయం వేసి వాడి గుండె మీద చెవి పెట్టి చూసింది. కొట్టుకుంటోంది. అప్పుడు తనే భోరున ఏడ్చింది. అంత సంతోషం ఆమెకి వాడు పుట్టినప్పుడు కూడా కలగలేదు.

అవతల పెద్దల పరిస్థితి వేరు. వాళ్ళ ఒంటి మీది గోమార్లనీ పేలనీ ఏరిపెట్టే పిట్టలు లేవాయె. వానతోపాటు జోరీగలు కూడా వచ్చిపడ్డాయి. భద్రయ్య బండలకేసి వీపు రుద్దుకుని రంకెలు వేశాడు. కామేశం తన తోకను తనే తరిమి కొరికాడు. సిద్ధాంతి పొలుసుల సందుల్లో దూరిన పురుగులకి ఏ శాస్త్రమూ పనిచెయ్యలేదు.

అమావాస్య నాటి సభకి అందరూ గోక్కుంటూనే వచ్చారు. బుడ్డోడు సూరాలు వీపు మీద గుర్రుపెడుతున్నాడు.

"ఏడుపు ఆగింది!" అని కేకేశాడు కామేశం, రెండు కాళ్ళతో గోక్కుంటూ. "పక్షిదోషం చట్టం విజయవంతమైంది. వాగు అవతలికి పంపే తీర్మానం రద్దు!"

సూరాలు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. కానీ గోరింక మాట గుర్తొచ్చి ఊరుకోలేకపోయింది. "బాబుగారూ, దోషమూ లేదు, పాడూ లేదు. ఎత్తుకునేవాళ్ళు లేక మొదట్నుంచీ నాది అరకడుపే, పథ్యం పేరుతో అదీ మానేశాను, వాడికి పాలు చాలలేదు. ఉసుళ్ళు తిన్నాను, పాలొచ్చాయి. పాపం, ఆ పిట్టల్ని పిలిపించండి."

"ఆకలితో ఏడవడమా?" సిద్ధాంతి నవ్వబోయి, పురుగు కుట్టడంతో మూలిగాడు. "అలాంటిది శాస్త్రంలో లేదు."

భద్రయ్య కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "పిలిపిద్దామయ్యా కామేశం. నా వీపు..."

"ఎలా పిలుస్తామయ్యా? పిలిస్తే చట్టం తప్పని ఒప్పుకున్నట్టే. ఓడిపోయిన చట్టమైతే మార్చవచ్చు. గెలిచినదాన్ని ఎలా మార్చేది? పైగా ఈ సందర్భంగా తమకు సన్మానం కూడా ఏర్పాటు చేశాను."

అంటూనే మోదుగాకులు కుట్టిన శాలువా తెచ్చి సర్పంచ్‌గారి వీపు మీద కప్పాడు. గోమార్లన్నీ ఒక్కసారిగా కదిలాయి. భద్రయ్య పెట్టిన రంకెకి కొండ మారుమోగింది. అది చూసి కామేశం ఊళ వేశాడు, సిద్ధాంతి బుసకొట్టాడు, చెట్టు మీద మంగత్త రెండు చేతులా గోక్కుంటూ గుక్కపట్టింది. పంచాయతీ మొత్తం ఏకగ్రీవంగా ఏడుస్తోంది.

వీపు మీద బుడ్డోడు కదిలాడు. సూరాలు గబగబా ముందుకొచ్చి, పంజా ఎత్తి అందరినీ వారించింది.

"అయ్యా, కాస్త మెల్లగా ఏడవండి. పిల్లాడు ఇప్పుడే పడుకున్నాడు."

నీతి: ఒక్క పసివాడి ఏడుపు మాన్పించడం ప్రభుత్వానికి పెద్ద పనేం కాదు, మిగతా అందరూ ఏడవడానికి సిద్ధంగా ఉంటే చాలు.