రెండో మనిషి పేరు మార్కండేయ

ఆ ఆదివారం పొద్దున సుష్మ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. జావేద్ ఇంటర్నెట్ దుకాణానికి వెళ్లాలి, విదేశీ టూర్ బుక్ చేయించాలి, వచ్చేటప్పుడు కరివేపాకు తెచ్చుకోవాలి. అంతే! మధ్యాహ్నానికల్లా గద్వాలలోని ఆ నేత వీధి వీధంతా కలిసి ఆమెకు పెళ్లి చేసేసింది. కరివేపాకు మాత్రం రానేలేదు.

సుష్మది వనపర్తి. అమ్మానాన్నలు పోయాక, చీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే పని దొరికి గద్వాలకు వచ్చింది. యాదమ్మ ఇంటి పై గదిలో అద్దెకుంటోంది. వయసు నలభైకి దగ్గరపడింది. పెళ్లెప్పుడని అడగడం వీధి ఎప్పుడో మానేసింది. అడిగినన్నాళ్లు చిరాకు పడింది గానీ, మానేశాక ఇంకా బాధేసింది. అన్నం తినేటప్పుడు ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టుకుంటుంది. ఎదురుగా ఏదో ఒక ముఖం ఉండాలి కదా! అట్లా ఒకరోజు పప్పు కలుపుకుంటుంటే, వైన్ యాత్రల వీడియో ఒకటి వచ్చి ఇస్ట్రియా అనే విదేశీ తీరం కనిపించింది. మూడు పక్కలా సముద్రం, మధ్యలో ద్రాక్షతోటలు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నడిగడ్డలో బతికే మనిషికి నీళ్ల నడుమ నేల కొత్తేమీ కాదు. కొత్తగా తోచింది అక్కడి బల్ల. ఆలివ్ చెట్ల కింద పొడుగాటి బల్ల, దాని మీద చేపలు, జున్ను, వైన్, ఎవరి ఎదుట చూసినా ఇంకొకరు! ఒకరి గ్లాసు ఖాళీ అయితే ఎదుటివాళ్లు నింపుతున్నారు. వేళ్ల మీద పప్పు ఎండిపోయేదాకా చూస్తూనే ఉంది.

"ఈ టూర్ ఒక్కరికి ఇయ్యరంటక్కా," అన్నాడు జావేద్, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా. "బల్లకు ఇద్దరుండాలెనంట. రెండో మనిషి పేరు కొట్టకుంటే ముందుకు పోతలేదు."

"మరెట్ల?"

"ఏదో ఒక పేరు చెప్పు. తర్వాత మారుస్త."

పేరు! సుష్మ బుర్రలో ఒక్క పేరూ లేదు. కళ్లు గోడ మీదికి వెళ్లాయి. చేనేత సంఘంవాళ్లు పంచిన క్యాలెండర్‌లో శివలింగాన్ని కావలించుకుని ఉన్నాడు మార్కండేయుడు, నేతవాళ్లు తమ మూలపురుషుడని కొలిచే రుషి.

"మార్కండేయ," అనేసింది.

"రిష్తా ఏం కొట్టాలె? ఈడ మొగుడు, పెండ్లాం అనే ఉన్నది."

"ఎట్లైన మార్చేదే గదా. కొట్టు."

జావేద్ కొట్టాడు. తెర మీద రెండు ఎర్ర గుండెలు ఎగిరాయి. కొత్త దంపతులకు శుభాకాంక్షలట! మూలన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న జావేద్ తల్లి తాజ్‌బీకి గుండెలు కనిపించాయి, మొగుడన్న మాట వినిపించింది. మిగతాది కొడుకును అడిగితే తెలిసేదే. కానీ అంత ఓపిక పట్టేదైతే అది శుభవార్త ఎట్లా అవుతుంది? వెల్లుల్లిని కొంగులో వేసుకుని సందులోంచి యాదమ్మ దగ్గరికి ఒకటే పరుగు.

"యాదమ్మా! మన సుష్మ షాదీ చేస్కుంది, మార్కండేయను! ఇద్దరు కలిసి సముద్రం కాడికి పోతుండ్రు!"

"ఏ మార్కండేయను?"

అసలు చిక్కు అదే. మూలపురుషుడి పేరు పెట్టుకోని నేతవాళ్ల ఇల్లు ఆ వీధిలో లేదు. నడివీధిలో నిలబడి ఆ పేరు పిలిస్తే మగ్గాలన్నీ ఒకేసారి ఆగుతాయి.

సుష్మ ఇల్లు చేరి చెప్పులు విడిచిందో లేదో రంగుల మార్కండేయ వచ్చేశాడు. మోచేతుల దాకా నీలం రంగు, వెనకాల భార్య.

"సుష్మమ్మా, జర మా ఇంటామెకు నువ్వే చెప్పు, నేను గాదని."

"ఎట్ల నమ్మాలె?" అంది భార్య. "మొన్న కొత్తంగి తొడుక్కొని ఫొటో దిగొచ్చిండు. గది పాస్‌పోర్ట్ కోసం గాదా?"

"ఆధార్ కోసమే, నీకు దండం పెడ్త! మనుమడు పుట్టినంక నాకెందుకే సముద్రం?"

"అసలు ఎవ్వరు గాదు," అంది సుష్మ.

"సూసినవా? ఎట్ల దాస్తున్నదో!"

ఆ జంట దిగుతుంటే జరీ మార్కండేయ ఎక్కుతున్నాడు, ఊరి దేవత జమ్ములమ్మ మీద ఒట్టేసుకుంటూ. ఇంతమంది మగవాళ్లు ఆమెను వెతుక్కుంటూ రావడం జీవితంలో ఇదే మొదటిసారి. అందరూ తాము కాదని చెప్పడానికే! ఆఖరున వచ్చినాయన ఆమె గీసిన అంచులు నేసే మార్కండేయ. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆయన సంజాయిషీ చెప్పుకోవాల్సిన మనిషే లేదు. అయినా మెట్లెక్కి వచ్చి, "నేనైతే గాదమ్మా," అని చెప్పి వెళ్లాడు.

"నాకొక్క మాట చెప్పకపోతివి గదే బిడ్డా!" అంటూ యాదమ్మ వచ్చింది. ఆమె వెనకాలే వీధిలోని ఆడవాళ్లంతా. చేతుల్లో ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ, తాంబాళం నిండా పసుపు కలిపిన బియ్యం. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం! "పుట్టింటోళ్లు లేకుంటేంది, నేను లేనా? కూసో. కొంగు పట్టు."

సుష్మ కూర్చుంది. కొంగు కూడా పట్టింది. ఎందుకు పట్టిందో ఆమెకే తెలియదు. యాదమ్మ దోసిళ్లు ఒడిలో ఖాళీ అవుతుంటే ఆ బరువు ఎంత బాగుందంటే, నిజం ఇంకాసేపు బయట నిలబడితే బాగుండుననిపించింది. నిలబడలేదు.

"ఇంతకు మా అల్లుడేడి?"

"ఎవ్వరు లేరు పెద్దమ్మా. ఒక్కదానికైతే బల్ల ఇయ్యరంట. క్యాలెండర్ల బొమ్మను సూసి పేరు చెప్పిన."

మెట్ల మీద ఒక నవ్వు లేచి, వెంటనే ఆగిపోయింది. ఎవరో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానన్నారు. చూస్తే అందరి ఇళ్లలోనూ పాలు పొయ్యి మీదే ఉన్నాయట! ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. పసుపు కలిపిన బియ్యం మళ్లీ బస్తాలో పోయరాదని గొణిగి, సుష్మ తల మీద ఒకసారి చెయ్యి పెట్టి యాదమ్మ కూడా దిగిపోయింది. ఒడి నిండా బియ్యంతో సుష్మ మిగిలింది. లేస్తే ఒలికిపోతాయి. లేవలేదు.

"గలతీ నాదే," అని గుమ్మంలోంచి వినిపించింది. తాజ్‌బీ! కొంగులో వెల్లుల్లి ఇంకా అట్లాగే ఉంది.

"పోనీ చిన్నమ్మా. జావేద్‌కు చెప్పి టూర్ రద్దు చేపిస్త."

తాజ్‌బీ వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. "ఒక్క బల్ల కోసం గింత పరేషానా?"

"ఒక్కదాన్నే తిని తిని యాష్టకొచ్చింది."

తాజ్‌బీ ఒక వెల్లుల్లి రెబ్బ ఒలిచింది, ఇంకోటి ఒలిచింది. "నా కొడుకు ఫోన్ సూస్కుంట తింటడు. నేను గోడ సూస్కుంట తింట," అంది. "నా పేరు కొట్టమను. ఉమ్రా యాత్రకు పోయినప్పటి పాస్‌పోర్ట్ ఉన్నది. ఈ వీధిల నీకు, నాకే ఉన్నది."

"ఆడ ఉండేదే వైన్, చిన్నమ్మా!"

"తోబా తోబా! నేనెందుకు తాగుత? ఎదురుంగ కూసుంట. నీ గిలాస ఖాళీ అయితే... ఊహూ, అది గూడ ముట్ట. నువ్వే పోస్కో, నేను సూస్త. సాలదా?"

"సాలు," అంది సుష్మ. అని, ఒళ్లో బియ్యం ఒలికిపోయేట్టు నవ్వింది.

సాయంత్రం జావేద్ పేరు మార్చాడు. పేరు మారింది గానీ రిష్తా మారడం లేదట! గుండెలు మళ్లీ ఎగిరాయి. మంచం మీద గులాబీ రేకులు కూడా ప్యాకేజీలోవే, తియ్యరట.

"రేకులదేముంది, పక్క దులుపుకుంటే పోతయి," అని తాజ్‌బీ దారికి జొన్నరొట్టెల సంగతి ఎత్తింది.

వైన్ రుచి చూసే యాత్రకు గద్వాల నుంచి బయల్దేరుతున్న ఆ ఇద్దరిలో ఒకరు తాగరు, ఇంకొకరు ఇంతవరకూ తాగలేదు.