సైన్యం జాబితాలో నేనొక పడవను

దేశ రక్షణకు అతి పెద్ద ఆటంకం ఏమిటో తెలుసా? శత్రువు అనుకుంటున్నారు కదూ! కానే కాదు. పని తెలిసిన రిజర్వు సైనికుడు! వాడు ఉన్నంతకాలం ఏ దేశమూ భవిష్యత్తులోకి అడుగు పెట్టలేదు. ఈ రహస్యాన్ని మా రాజధాని పెద్దలు ఆలస్యంగానైనా కనిపెట్టారు. వారికి నా జోహార్లు!

నా గురించి రెండు ముక్కలు. పేరు రాదిసావ్. తిసా నది ఒడ్డున వ్రబాక్ అనే చిన్న ఊళ్ళో ఉంటాను. వారానికో రోజు ఊరి పత్రికకు ఈ కాలమ్ రాస్తాను, మిగతా ఆరు రోజులూ చేపలు పడతాను. ముప్ఫై ఏళ్ళ పాటు రిజర్వు సైన్యంలో సార్జెంటుని. ప్రస్తుతం పడవని. కవిత్వం చెబుతున్నాననుకునేరు, కాగితం ఉంది.

మాది వంతెన దళం. నలభై మందిమి, ముప్ఫై పడవలు. ఏటా ఏప్రిల్‌లో పిలుపు కాగితం రాగానే ఎవరి పడవ వాళ్ళం వేసుకుని రేవుకి చేరేవాళ్ళం. పడవలన్నీ వరసగా నిలిపి, మోకులతో బిగించి, వాటి మీద సైన్యం వారి బల్లలు పరిచి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వంతెన వేసేవాళ్ళం. రెండు గంటల పది నిమిషాలు పట్టేది. ఎవడో ఒకడు నీళ్ళలో పడేవాడు, వాణ్ణి పైకి లాగేవాళ్ళం. తర్వాత పెద్ద కాగులో ఉడికిన చిక్కుడుగింజల పులుసు, రొట్టె, తలా ఒక గుక్క రేగుపండ్ల సారా. ఎంత మొరటుతనం!

వంతెన పూర్తవగానే మొదట నడిచేది కల్నల్ కాదు, దెసంక టీచరు. మా దళంలో సగం మందికి లెక్కలు చెప్పింది ఆవిడే. మా లెక్కల మీద నమ్మకం లేక ఏటా తనే స్వయంగా వచ్చేది. చేతిసంచీ పట్టుకుని అవతలి ఒడ్డు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మా అందరి వైపూ ఒకసారి చూసి ఇంటికి పోయేది. మెచ్చుకునే అలవాటు ఆవిడకు లేదు. మునగకుండా తిరిగి రావడమే మెప్పు అనుకునేవాళ్ళం.

అలా చీకట్లో బతుకుతున్న మా దగ్గరికి కిందటి సెప్టెంబరులో కెప్టెన్ ఒగ్న్యెన్ వచ్చాడు. మంచివాడు, మర్యాదస్తుడు, బూటు మీద బురద చుక్క లేదు. రాబోయే అవసరాలకు తగ్గట్టు రిజర్వు బలగాన్ని పునర్వ్యవస్థీకరించడం ఆయన పని. తొంభై నాలుగు స్లైడ్లు చూపించాడు. ప్రతి స్లైడులోనూ ఒక బాణం పైకి పోతూ ఉంది. బాణం ఎక్కడికి పోతోందని అడగడం మర్యాద కాదని ఎవరమూ అడగలేదు.

చివర్లో మమ్మల్ని కూడా ఒక ప్రశ్న అడిగాడు. రెండువేల నలభై నాటికి నది స్వభావం ఎలా ఉండబోతోందని మీ అంచనా, అని. పడవల రేవులో పుట్టి పెరిగిన మా కార్పొరల్ తిహోమిర్ చాలాసేపు ఆలోచించాడు.

"తడిగానే ఉంటుందనుకుంటా బాబూ."

కెప్టెన్ అది రాసుకున్నాడు. నెల తర్వాత వచ్చిన నివేదికలో పదకొండో పేజీలో ఉంది: 'నదిలో తేమ కొనసాగే అవకాశం ఉన్నట్టు స్థానిక నిపుణుల అభిప్రాయం.' తిహోమిర్ ఆ పేజీకి ఫ్రేము కట్టించుకున్నాడు.

ఇక సంస్కరణలు మొదలయ్యాయి. మా వంతెన దళం 'భవిష్య జలమార్గ సమన్వయ విభాగం' అయింది. పేరు పెరిగింది కాబట్టి మనుషులు తగ్గాలి కదా! నలభై మంది పన్నెండుగురం అయ్యాం. బల్లలు పాతకాలం నాటివని ఊరి మ్యూజియంలో పెట్టి, ఒక్కొక్క దానికీ 'తాకరాదు' అని చీటీ తగిలించారు. పడవల షెడ్డులో నేలంతా తుడిచి, కార్పెట్ పరిచి, ఆరు పెద్ద తెరలు పెట్టారు. కార్పెట్ మీద తడి కాళ్ళతో నడవరాదని బోర్డు కూడా పెట్టారు. వంతెన దళానికి ఇంతకన్నా స్పష్టమైన ఆదేశం ఏం కావాలి?

అన్నిటికన్నా గొప్ప సంస్కరణ జాబితాలది. మా దేశంలో యుద్ధం వస్తే పిలుపు మనిషికే కాదు, వాడి పడవకీ ట్రాక్టరుకీ గుర్రానికీ కూడా వస్తుంది. మనుషుల జాబితా ఒక బీరువాలో, వస్తువుల జాబితా ఇంకో బీరువాలో ఉండేది. రెండు బీరువాలెందుకు, దుబారా! రెండూ కలిపి ఒకే కంప్యూటర్లో పోశారు. నా పడవ పేరు మిలెవా. మా నాయనమ్మ పేరు పెట్టుకున్నాను. ఇంటిపేరు ఒకటే, చిరునామా ఒకటే. కంప్యూటర్ మా ఇద్దరినీ చూసింది, ఎవరు ఎవరో తనకు తోచినట్టు తేల్చేసింది.

వారంలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి సార్జెంటు మిలెవాకు: రెండు జతల లోదుస్తులతో వైద్య పరీక్షకు రావలెను. రెండోది నా గురించి: 'రాదిసావ్. చెక్క. చదును అడుగు. ఏడు మీటర్లు. ఇద్దరు మనుషులను లేదా ఒక ఆవును మోయగలదు.'

మా ఆవిడ రుమెంక ఆ కాగితం రెండుసార్లు చదివింది. "ఆవు మాటేమో గానీ, పదేళ్ళ నుంచి గట్టున కట్టేసినట్టు పడుంటున్న మాట నిజమే కదయ్యా," అంది.

మర్నాడు జిల్లా నమోదు కార్యాలయానికి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నామె ఓపిగ్గా విని, తెరలోకి చూసి, పడవలు ఫిర్యాదు చేయడానికి ఫారం లేదని చెప్పింది. పడవ తరఫున యజమాని రావాలట.

"యజమానిని నేనేనమ్మా."

"మీరు పడవ కదండీ," అంది ఆమె జాలిగా. "యజమాని మిలెవాగారు. ఆవిణ్ణి తీసుకురండి, సంతకం పెడితే సరిపోతుంది."

పాఠకులారా, మొదట నేను బాధపడ్డాను. తర్వాత ఆలోచించాను. పడవగా ఉండటంలో నష్టమేముంది? స్లైడ్లు చూడక్కర్లేదు. పరగడుపున రక్త పరీక్ష లేదు. రెండేళ్ళకోసారి ఎవరో వచ్చి కారుతున్నానా లేదా చూసిపోతారు, అంతే! మనిషిగా ముప్ఫై ఏళ్ళు చేసిన సేవకు ఒక్క బొత్తాం కూడా ఇవ్వని సైన్యం, పడవనయ్యానో లేదో ఏడాదికి రెండు డబ్బాల తారు మంజూరు చేసింది!

మిలెవా అయితే ఏకంగా దూసుకుపోయింది. ఆన్‌లైన్ శిక్షణలో మూడు కోర్సులకు పేరు నమోదైంది. ఒక్క మాటకు ఎదురు చెప్పలేదు, ఒక్క సూచన చేయలేదు, చిక్కుడుగింజల పులుసు ఎప్పుడు పెడతారని అడగలేదు. మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలన్నారు. కొత్త నిబంధనల్లో అది పూర్తి అంగీకారం, పైగా క్రమశిక్షణకు నూటికి నూరు మార్కులు. జనవరికల్లా మిలెవా లెఫ్టినెంట్ అయింది. నాయకత్వ లక్షణాలున్నాయని సర్టిఫికెట్ వచ్చింది. రేవులో బోర్లా పడి ఎండుతున్న ఆవిడకు తిహోమిర్ రోజూ సెల్యూట్ కొట్టి మరీ చేపలకు పోయేవాడు.

ఫిబ్రవరిలో మొదటి విన్యాసం. తెర మీద తిసా నది, దాని మీద మా వంతెన. ఎంతసేపట్లో కట్టామో తెలుసా? ఏడు నిమిషాలు! ఎనభై ట్యాంకులు దాటాయి. ఎవడూ నీళ్ళలో పడలేదు. నేల విడిచి సాము అని వెక్కిరించేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు భవిష్యత్తు అంటే గిట్టదు. మేయర్ చప్పట్లు కొట్టాడు. తిహోమిర్ మాత్రం అలవాటు కొద్దీ మోకు భుజాన వేసుకొచ్చి, విసరడానికి చోటు దొరక్క, విన్యాసం అయ్యేదాకా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు.

మార్చిలో మంచు కరిగింది. నివేదికలో రాసిన తేమ మా అంచనాను మించి వచ్చింది. ఎగువన కట్టు తెగి కొట్టుకొచ్చిన ఇసుక బార్జి ఒకటి మా ఊరి అసలు వంతెన స్తంభాన్ని గుద్దింది. స్తంభం పగిలింది, వంతెన మూశారు. ఎగువనున్న ఇంకో వంతెన తొంభై కిలోమీటర్ల దూరం, దారి నీళ్ళలో ఉంది. పొగమంచులో హెలికాప్టర్ ఎగరదు.

ఇబ్బందేముంది, ఇంట్లో కూర్చోవచ్చు కదా అంటారా? మేమూ అలాగే కూర్చునేవాళ్ళం. కానీ దెసంక టీచరుకు మూడేళ్ళుగా మూత్రపిండాలు పని చేయడం లేదు. మంగళ, గురు, శనివారాలు అవతలి ఒడ్డు ఆసుపత్రిలో యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. మంగళవారం వంతెన మూసేశారు. గురువారం వంతు కూడా తప్పిపోయింది. శుక్రవారానికి ఆవిడ మొహం ఉబ్బింది, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు.

ఆ ప్రవాహంలో ఒంటి పడవ నిలవదు. రెండు పడవలు జంటగా కట్టి, మీద బల్లలు బిగించి, పంటులా చేసి, ఒడ్డు నుంచి ఒడ్డుకి లాగిన మోకు పట్టుకుని దాటాలి. ఆ పని మా దళానికి కళ్ళు మూసుకున్నా వచ్చు. కానీ పడవలు యుద్ధకాల జాబితాలో ఉన్నాయి, విభాగం అనుమతి లేకుండా వరదలోకి దించరాదు. పద్ధతి ప్రకారం కంప్యూటర్లో అర్జీ పెట్టాం. నాలుగు నిమిషాల్లో జవాబు! పాత రోజుల్లో అయితే నాలుగు వారాలు పట్టేది కాదా?

'మీ ఊరి వద్ద సైనిక వంతెన ఫిబ్రవరిలోనే పూర్తయినది. ఎనభై ట్యాంకులు దాటినవి. అదనపు ఏర్పాటు అనవసరం.'

శనివారం పొద్దున కెప్టెన్ ఒగ్న్యెన్‌ను కలవడానికి షెడ్డుకి వెళ్ళాం. టీచరును చక్రాల కుర్చీలో మేమే తీసుకెళ్ళాం, కళ్ళారా చూస్తే ఆయన మనసు కరుగుతుందని. ఆయన మనసు నిజంగానే కరిగింది. రాజధానికి రెండుసార్లు ఫోన్ చేశాడు. తెర మీద వంతెన చూపించి, అక్కడివాళ్ళకు ఇదే కనిపిస్తోందండీ, ఇది లేదని నేను రాస్తే విన్యాసం జరగలేదని రాసినట్టవుతుంది, నాకా అధికారం లేదు, అన్నాడు.

టీచరు తెర వైపు చూసింది. ఎండలో మెరుస్తున్న వంతెన, దాని మీద వరసగా ట్యాంకులు. ఏటా మా వంతెనను చూసినట్టే, ఈ చివర నుంచి ఆ చివర దాకా శ్రద్ధగా చూసింది.

"బాగా కట్టారు నాయనా," అంది. మెచ్చుకోవడం అదే మొదటిసారి. "మరి నన్ను దీని మీద నుంచే అవతలికి తీసుకెళ్ళకూడదూ?"

కెప్టెన్ తల దించుకున్నాడు. నాకైతే, ఇన్నాళ్ళూ పడవనని నవ్వుకుంటూ తిరిగినందుకు సిగ్గేసింది.

తిహోమిర్ భార్య వుకోసావా మ్యూజియం తాళాలు చూసుకుంటుంది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. మేము వెళ్ళేసరికి తలుపులు రెండూ బార్లా తెరిచి, తను లోపలెక్కడో దుమ్ము దులుపుకుంటోంది. 'తాకరాదు' చీటీలు ఊడదీసే తీరిక లేక వాటితో సహా బల్లలు మోసుకొచ్చాం. దళం నుంచి తీసేసిన ఇరవై ఎనిమిది మందీ పిలుపు కాగితం లేకుండానే రేవులో ఉన్నారు.

మేము చట్టాన్ని మీరలేదు సుమండీ! ఆదేశం ఎవరిచ్చారని రేపు అడుగుతారు కదా. తీసేసినవాళ్ళతో కలిపి మాలో అందరికన్నా పెద్ద హోదా ఎవరిది? లెఫ్టినెంట్ మిలెవాది. నదిలోకి దిగమంటారా అమ్మా అని తిహోమిర్ ఆవిడ ముందు నిలబడి అడిగాడు. ఆవిడ మౌనంగా ఉంది. నిబంధన ప్రకారం అది పూర్తి అంగీకారం.

మిలెవాకు తిహోమిర్ పడవను జంట కట్టాం. బల్లలు బిగించాం. టీచరు కుర్చీని నాలుగు వైపులా కట్టాం. దాటడానికి యాభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒక చెట్టు మొద్దు మా మీదికి వస్తే తెడ్డుతో తోసేటప్పుడు నేను నీళ్ళలో పడ్డాను, నన్ను పైకి లాగారు. ఒడ్డున ఇరవై ఎనిమిది మంది మోకు పట్టుకుని నిలబడ్డారు, వాళ్ళతో పాటు బురదలో మోకాళ్ళ దాకా కెప్టెన్ ఒగ్న్యెన్ కూడా. అవతలి ఒడ్డున ఆంబులెన్సులోకి ఎక్కిస్తుంటే టీచరు నా తడి చొక్కా పట్టుకుని, "ఒరేయ్, జంట కట్టినప్పుడు బరువు మధ్యలో ఉండాలి, ఎడమకి పెట్టావు," అంది. ఆ మాటతో బతుకుతుందని ధైర్యం వచ్చింది.

పది రోజుల్లో కాగితాలు వచ్చాయి. మోకు పట్టుకున్న ఇరవై ఎనిమిది మందికీ సంజాయిషీ నోటీసులు: దళంలో లేకపోయినా విధి నిర్వహించినందుకు. వుకోసావాకు హెచ్చరిక. కెప్టెన్‌కు బదిలీ. లెఫ్టినెంట్ మిలెవాకు వరదలో చూపిన నాయకత్వానికి ప్రశంసా పత్రం. నా పేరుకు ఎదురుగా ఒకే వాక్యం: 'తడిసినది. కారడం లేదు. వాడుకకు పనికివచ్చును.'

తప్పు జరిగిందని, నన్ను మళ్ళీ మనుషుల జాబితాలోకి మారుస్తామని కౌంటర్ ఆమె నిన్న ఫోన్ చేసింది. యజమాని సంతకం కూడా అక్కర్లేదట. వద్దమ్మా, ఉండనివ్వండి, అన్నాను. వంతెన మరమ్మతుకు ఇంకా ఐదు నెలలు పడుతుందట. రేపు గురువారం, టీచరు ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు. కొత్త నిబంధనల ప్రకారం మా విభాగంలో మనుషులు కార్పెట్ దాటి పోరాదు, నీళ్ళలోకి దిగే అర్హత పడవలకే ఉంది.