మెర్ల్ విచారణకు పెద్ద ఎవరు?

ఆ శనివారం వర్నా డో వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే సంఘం హాలుకు వెళ్ళి, తన చెల్లెలి మొగుడు మెర్ల్ పింక్‌హమ్ మీద విచారణ ముగించి, భోజనాల వేళకు ఇల్లు చేరి, పెరట్లో కోసిపెట్టిన పుల్లటి రుబార్బ్ కాడలు కూరి 'పై' అనే తీపి రొట్టె కాల్చడం. పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి మరీ బయల్దేరింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, అందులోనూ మా ఊళ్ళో, పద్ధతి ప్రకారం మొదలైన ఏ పనీ భోజనం వేళకు ముగియదని ఆమెకు తెలియక కాదు. కోపంలో మరిచిపోయింది.

కోపానికి కారణం ఉంది. మా గింజల విందు సంఘం ఏటా మే నెలాఖరున ఊరందరికీ భోజనం పెడుతుంది. శుక్రవారం సాయంత్రం గోతినిండా నిప్పులు చేసి, చిక్కుడు గింజలు, చెరుకు పాకం, ఉప్పులో ఊరిన పంది మాంసం నింపిన ఇనప కాగుల్ని అందులోకి దింపి, పైన మట్టి కప్పేస్తారు. మర్నాటి సాయంత్రం తవ్వి తీస్తారు. నిప్పు చూసుకునేది ఎప్పుడూ మెర్లే. పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది అతని భార్య ఇడెల్లా. మొన్న చలికాలంలో ఇడెల్లా పోయింది. ఆ తర్వాత వచ్చిన మొదటి విందులో, సంఘానికి అధ్యక్షుడై ఉండి, మెర్ల్ ఊరందరికీ వడ్డించినవి కొట్లో కొన్న డబ్బా గింజలు.

ఆ పూట ఎవరూ కనిపెట్టలేదు. పాస్టర్ గారు మూడోసారి వడ్డించుకుని, ఇన్నేళ్ళలో ఇంత రుచి ఎరగనన్నారు. మర్నాడు మెర్ల్ ట్రక్కులో ఖాళీ డబ్బాలు వర్నా కంటపడ్డాయి. ఊరు భగ్గుమంది. నన్నడిగితే, జనానికి ఆ డబ్బాల మీద కంటే తాము నోరారా పొగిడిన పొగడ్తల మీదే ఎక్కువ కోపం.

మెర్ల్ ఒక్క ముక్క మాట్లాడకుండా రాజీనామా చేశాడు. అధ్యక్ష పదవి వర్నాకు వచ్చింది, కానీ ఆమెకది చాల్లేదు. చెల్లెలు పోయిన ఏడాదే డబ్బాలు తెరిచాడంటే దాన్ని మరిచిపోయినట్టేనని ఆమె బాధ. నేరం రుజువైతే మెర్ల్ ఇక జన్మలో ఆ గోతి దగ్గరికి రాకూడదని అభియోగం తెచ్చింది. గొయ్యి కూడా పోతే ఆ మనిషికి మిగిలేది ఖాళీ వంటగది. అది ఊరందరికీ తెలుసు.

మా సంఘం నిబంధన ఒకటుంది. అధ్యక్షుణ్ణి విచారించాల్సి వస్తే ఆ విచారణకు పెద్దగా ఊరి జడ్జి కూర్చోవాలి. మిగతా ఎవర్ని విచారించినా అధ్యక్షులే పెద్ద. అందుకని రిటైరైన జడ్జి లీలండ్ గారిని పిలిచి, సభ నడిపే పెద్ద బల్ల మీద కొట్టే చెక్కసుత్తి చేతికిచ్చారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేశారు.

"సంఘానికి అధ్యక్షులెవరమ్మా?" అన్నారు.

"నేనే. కానీ తప్పు చేసినప్పుడు అధ్యక్షుడు అతను," అంది వర్నా.

"విచారించేది ఇప్పుడు. ఇప్పుడతను మాజీ. మాజీని విచారించేందుకు ఆ కుర్చీ నాది కాదు." ఆయన వెళ్ళి వెనక వరసలో కూర్చుని, సంచిలోంచి డోనట్ తీసుకున్నారు.

సరే, నిబంధన ప్రకారం సుత్తి వర్నా అందుకుంది. ఫిర్యాదు చేసిందీ ఆమే, వదినా ఆమే, పెద్ద కూడా ఆమేనా అని పోస్టాఫీసులో పనిచేసే ఫే లేచి అడిగింది. ఆ మాటలో న్యాయం ఉంది కాబట్టి వర్నా పళ్ళు కొరుక్కుంటూ సుత్తిని పాస్టర్ గారికిచ్చింది. ఆయన గొంతు సవరించుకునేలోగా వెనక వరసలోంచి డోనట్ నములుతూనే జడ్జిగారు అందుకున్నారు. గింజలు తిన్నవాడు ఈ కేసులో సాక్షి, సాక్షి కుర్చీలో కూర్చోకూడదన్నారు. మూడుసార్లు తిన్న పాస్టర్ గారు సుత్తిని పక్క మనిషికి అందించారు.

అక్కణ్ణించి సుత్తి హాలంతా తిరిగింది. మందుల షాపాయన తాను రుచి మాత్రమే చూశానన్నాడు. డబ్బాలో సర్దుకుని ఇంటికి కూడా తెచ్చాడని ఆయన భార్యే బయటపెట్టింది. ఒకాయన ఆ పూట ఊళ్ళోనే లేనన్నాడు, కానీ మర్నాడు మిగిలినవి వేడిచేసుకు తిన్నానని ఒప్పుకున్నాడు. భోజనం వేళ దాటిపోయింది. వర్నాకు ఫ్రిజ్‌లో పిండి గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

చివరికి జడ్జిగారే విసిగి, తినని వాళ్ళు అసలెవరైనా ఉన్నారా అని అడిగారు. ముద్దాయి బెంచీ మీంచి ఒక చెయ్యి లేచింది.

"నేను తినలేదండీ," అన్నాడు మెర్ల్. "మింగుడు పడలేదు."

మా ఊళ్ళో ఒక ప్రతిపాదన వచ్చి, దాన్ని ఇంకొకరు బలపరిస్తే, అది తెలివైనదా కాదా అని ఎవరూ అడగరు, ఓటుకు పెడతారు. ఆకలి మీదున్న జనం గబగబా చేతులెత్తారు. మెర్ల్ విచారణకు మెర్లే పెద్దయ్యాడు.

అతను ఆ పనిని నవ్వులాట చెయ్యలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని అభియోగం చదివించాడు. ముద్దాయిని లేచి నిలబడమన్నాడు. తనే లేచి, బల్ల చుట్టూ తిరిగి అవతల నిలబడ్డాడు. హాలు గొల్లుమంది. వెనక్కి వచ్చి కూర్చుని అడిగాడు.

"గింజలు ఎందుకు ఉడకలేదు?"

మళ్ళీ అవతలికి వెళ్ళాడు. "గోతి మీద మట్టి కప్పలేదు. పొద్దుటికి నిప్పు బూడిదైపోయింది."

"ఇన్నేళ్ళు చేసిన పనేగా. ఎందుకు కప్పలేదు?"

ఈసారి బల్ల చుట్టూ తిరగడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"ఏటా ఇడెల్లా అడిగేది, మట్టి కప్పావా అని. అడిగాక లేచి కప్పేవాణ్ణి. ఈ ఏడు ఎవరూ అడగలేదు."

జడ్జిగారు డోనట్ సంచిలో పెట్టేశారు.

ఓట్లు సరిగ్గా చెరి సగమయ్యాయి. వర్నా చెయ్యి ఎటూ లేవలేదు. అలాంటప్పుడు పెద్ద ఓటే తేల్చాలి. మెర్ల్ సుత్తి ఎత్తాడు.

"మతిమరుపు నేరం కాదు. డబ్బా గింజలు పెట్టి పొగడ్తలు పుచ్చుకున్నాడు చూశారూ, అది మోసం. నేరం రుజువై..."

"ఆగు," అంది వర్నా, లేచి. "నాదొక అభ్యంతరం. కుర్చీలో ఉన్నాయనకి ముద్దాయితో మరీ దగ్గరి చుట్టరికం. ఈ తీర్పు చెల్లదు."

అభ్యంతరం ఆలస్యంగా వచ్చినా సబబైనదేనని జడ్జిగారు చెప్పారు. మెర్ల్ గింజలు తినని ఊరివాళ్ళెవరైనా దొరికేదాకా విచారణ వాయిదా పడింది. అలాంటి మనిషిని వెతకడానికి వర్నాను పెద్దగా పెట్టి ఒక కమిటీ వేశారు. నేరం తేలలేదు కాబట్టి గొయ్యి మెర్ల్‌దే. ఊరికి బాకీపడ్డ విందు వచ్చే శనివారం పెట్టాలని కూడా అక్కడే తీర్మానమైంది.

శుక్రవారం సాయంత్రం గోతి దగ్గరికి వర్నా ఒక చేత్తో రుబార్బ్ పై, ఇంకో చేత్తో ఇడెల్లా కుర్చీ పట్టుకుని వచ్చింది. కుర్చీ వేసుకుని కూర్చుంది. నిప్పుల వంకే చూస్తూ, చెల్లెల్ని తలుచుకుని కాసేపు ఏడ్చింది. కాగులు దింపడం అయ్యాక ఆమె ముక్కు తుడుచుకుంది.

"మట్టి కప్పావా?"

"ఇదిగో, ఇప్పుడే," అని మెర్ల్ పార అందుకున్నాడు.

కమిటీ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. ఊళ్ళోకి కొత్తగా ఎవరు దిగినా ముందు వాళ్ళను పిలిచి మెర్ల్ గింజలతో భోజనం పెట్టి, ఆ తర్వాత, మెర్ల్ గింజలు ఎప్పుడైనా తిన్నారా అని అడుగుతుంది.