నడకదారిలో ఉసిరిచెట్టు

కార్తీక శుద్ధ ద్వాదశినాటి ఉదయానికి భావనారాయణ వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తెల్లవారకముందే చన్నీటి స్నానం, శివాలయంలో దీపం, ఇంటికి వచ్చి ఏకాదశి ఉపవాసానికి పారణ, ఆపైన రాజాం బజారు వీధిలో తాను కట్టించిన కొత్త బట్టల దుకాణం దగ్గర పురపాలక సంఘం అధికారికి స్వాగతం. ఆ అధికారి భవనం ముందున్న నడకదారిని ఒకసారి కొలిచి, పచ్చదనాన్ని ఒకసారి చూసి, నివాసయోగ్యతా పత్రం ఇస్తాడు. పత్రం వస్తే కరెంటు వస్తుంది. కరెంటు వస్తే పౌర్ణమినాడు దుకాణం తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం ఆయనకు లేదు. పాత దుకాణం అద్దెది. దాని యజమాని దాన్ని అప్పటికే ఒక సెల్‌ఫోన్ల వ్యాపారికి ఇస్తానని మాట ఇచ్చేశాడు. ఆ వ్యాపారి మనుషులు వచ్చి, భావనారాయణ ఇంకా గల్లా దగ్గర కూర్చుని ఉండగానే ఆయన నెత్తిమీదుగా టేపు చాచి బోర్డుకు కొలతలు తీసుకుని వెళ్ళారు.

నడకదారి విషయంలో ఆయన ఇంతకుముందే ఒకసారి భంగపడ్డాడు. దుకాణం మెట్ల ముందు ఆరడుగుల వెడల్పున పలకలు పరిపించి, ప్లాస్టిక్ కుండీల్లో క్రోటను మొక్కలు వరుసగా నిలబెట్టి, తాను చేయవలసింది చేశానన్న తృప్తితో ఉండగా హరిచరణ్ వచ్చాడు. ఊరి కట్టడాలకు అనుమతులిచ్చే కుర్ర అధికారి. మాట మెత్తన, టేపు కఠినం. క్రోటన్లను చాలాసేపు చూసి, "ఇవి నీడ ఎవరికిస్తాయండీ, చీమలకా?" అని అడిగాడు. నేలలో పాతుకున్న చెట్టు ఉండాలట. నడిచేవాడి తలమీద నీడ పడాలట. అంతవరకు పత్రం లేదట.

పౌర్ణమి దగ్గర పడుతోంది. విత్తనం నాటి నీడ కోసం ఎదురుచూసే వ్యవధి లేదు. అప్పుడే భావనారాయణ భార్య శ్యామలాంబకు ఒక ఆలోచన తోచింది. ఆమె పుట్టింటివారికి కోటబొమ్మాళిలో తోట ఉంది. తోటలో కాపుకొచ్చిన ఉసిరిచెట్లున్నాయి. కార్తీకంలో ధాత్రీవృక్షం గుమ్మంలో వెలిస్తే సాక్షాత్తు శ్రీహరి వచ్చి నిలబడినట్టే గదా అన్నది. ఒక్క చెట్టుతో అధికారికి నీడ, తమకు పుణ్యం. ఇహపరాలు రెండూ ఒకే గోతిలో కుదురుకుంటాయని భావనారాయణ మురిసిపోయాడు. బావమరిది ధనరాజు పొక్లెయిన్ పెట్టించి, వేరుగడ్డ చెదరకుండా చెట్టును పెళ్ళగించి, ట్రాక్టరు మీద ఊరేగింపుగా తెచ్చి నాటాడు. అంచున మురుగుకాలువ అడ్డం వస్తే చెట్టును కాస్త లోపలికి జరిపాడు. ఆ కాస్త జరపడాన్ని ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు.

ద్వాదశినాటి ఉదయం శివాలయం నుంచి వస్తూ భావనారాయణ తన దుకాణం వైపు చూసి, దారి తప్పి వేరే వీధికి వచ్చానేమో అనుకున్నాడు. ఉసిరిచెట్టు మొదట్లో దీపాలు బారులు తీరి వెలుగుతున్నాయి. కాండానికి పసుపు పూసి ఉంది. నడకదారి ఈ కొస నుంచి ఆ కొస దాకా జంపఖానాలు పరిచి, వీధి ఆడవాళ్ళంతా కూరలు తరుగుతున్నారు. మూడు పెద్ద గుండిగలు రాళ్ళ పొయ్యిల కోసం ఎదురుచూస్తున్నాయి.

వారి నడుమ పూలమ్ముకునే జగ్గమ్మ గుమ్మడికాయ ముందు కత్తిపీట వేసుకుని కూర్చుని ఉంది. ఇదంతా ఏమిటని ఆయన అడిగిన తీరులో అడగడం కన్న వేడుకోవడమే ఎక్కువ.

"వనభోజనాలు బాబూ. ఏటి, తెలీనట్టు అడుగుతన్నావు? ఏటేటా పాలకొండ రోడ్డు తోటకెల్లేవోళ్ళం. అది ప్లాట్లయిపోనాది. ఊళ్ళో ఇంకో ఉసిరిసెట్టుంటే సూపించు సావుకారుబాబూ, ఇప్పుడే లేసి అక్కడికెల్లిపోతాం."

ఆయన దగ్గర చూపించడానికి చెట్టు లేదు. ఇంటికి పరుగెత్తి భార్యను అడిగాడు. శ్యామలాంబ పులిహోర కలుపుతూ, తల ఎత్తకుండానే, వారిని రమ్మన్నది తానేనని చెప్పింది. దేవుడి చెట్టు కింద నలుగురు తింటామంటే వద్దని ఏ నోటితో అనగలదు? భావనారాయణ తన నోటిని తడుముకున్నాడు. ఆయన నోటికీ ఆ మాట రాలేదు. కార్తీకంలో ఉసిరి కింద విస్తరి వేసుకున్నవారిని లేపినవాడికి ఏ గతి పడుతుందో చిన్నప్పటి నుంచి పురాణకాలక్షేపాల్లో విన్నవాడు. లేపకపోతే పురపాలక సంఘం ఏం చేస్తుందో ఇటీవలే తెలుసుకున్నవాడు. రెండు నరకాల మధ్య నిలబడి, ముందుగా హరిచరణ్‌కు ఫోను చేశాడు. ఈరోజు తిథి బాగాలేదు, రావద్దు అన్నాడు. ద్వాదశి తిథి బాగాలేదని అన్నందుకు మనసులో శ్రీహరికి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు.

ఫోను పెట్టేశాక జగ్గమ్మ దగ్గరకు వెళ్ళి, పెద్ద అధికారి వచ్చినా రావచ్చు, త్వరగా కానిచ్చుకోండమ్మా అని మెల్లగా చెప్పాడు. పొయ్యిలు మాత్రం పలకల మీద వెలిగించవద్దనీ, కావాలంటే దుకాణం లోపల ఖాళీ హాలులో వండుకోమనీ తాళం తీసి ఇచ్చాడు. తాను చేసినవాటిలో ఇదొక్కటే తెలివైన పని అని ఆయనకు తోచింది. పత్రం రాకముందు భవనంలోకి మనిషి కాలు పెట్టినా నేరమేనన్న సంగతి, లోపల మూడు పొయ్యిలు రాజుకుని కిటికీల్లోంచి పొగ వీధిలోకి వచ్చేదాకా ఆయనకు గుర్తు రాలేదు.

ఇక జగ్గమ్మ. పెద్ద అధికారి వస్తున్నాడంటే భోజనానికే వస్తున్నాడని ఆమె అర్థం చేసుకుంది. వనభోజనాలు జరిగేచోటికి పెద్దమనిషి మరెందుకు వస్తాడు? ఆమె చెప్పిన మాట నాలుగు వాకిళ్ళు దాటి, ఆ వీధి చివర టెంటుహౌసు నడిపే ధనరాజు చెవిన పడింది. బావగారి గౌరవం తన గౌరవమేనని నమ్మే మనిషి ధనరాజు. భావనారాయణ ఇంటికి వెళ్ళి పులుసుగిన్నెతో తిరిగి వచ్చేసరికి చెట్టు చుట్టూ షామియానా లేచి నిలిచింది. ఎర్ర కుర్చీలు నడకదారి దాటి రోడ్డు మీదకు వచ్చాయి. బస్సు ఒకటి కుర్చీల ముందు ఆగి హారను మోగిస్తోంది. షామియానా రాటలు ఎక్కడ దిగాయో చూసి భావనారాయణ పులుసుగిన్నెను ఒక ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఒరే ధనరాజూ, కొత్త పలకల్లో గునపం దింపీసినావేట్రా?"

"మరి రాటలు గాల్లో నిలబడతాయేటి బావా? అంత పెద్దాయన్ని ఎండలో కూకోబెడితే మన పరువేటవుతాది? మైకు కూడా తెప్పించినాను. నువ్వు నాలుగు మాటలు మాటాడాల."

మాట్లాడడానికి భావనారాయణ దగ్గర నాలుగు మాటలు ఉన్నాయి గానీ అవి ద్వాదశినాడు అనదగినవి కావు. ఆయన అరచేతులు జోడించి చెట్టు వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే చెట్టు చాటు నుంచి హరిచరణ్ కనిపించాడు. చేతిలో టేపు ఉంది.

"మీరు రావద్దన్నప్పుడే రావాలనిపించిందండీ," అన్నాడు అతను. "అద్దెకు తెచ్చిన మొక్కలు చూపించి, నేను సంతకం పెట్టగానే తిరిగి ఇచ్చేసినవాళ్ళున్నారు ఈ ఊళ్ళో."

భావనారాయణ చుట్టూ చూశాడు. దారి నిండా జనం, లోపల పొయ్యిలు, పలకల్లో గోతులు, రోడ్డు మీద కుర్చీలు, ఆగిన బస్సు. అన్ని అపరాధాలూ ఒకేసారి, విస్తరిలో వడ్డించినట్టు, అధికారి ఎదుట ఉన్నాయి. పాత దుకాణం గుమ్మంలో చీరల మూటలు వానకు తడుస్తున్న దృశ్యం ఆయన కళ్ళకు కట్టింది. ఆకాశంలో మబ్బుతునక అయినా లేదన్న సంగతి కూడా ఆయనను ఓదార్చలేదు.

హరిచరణ్ పొగను చూశాడు. గోతులు చూశాడు. చివరికి చెట్టు కింద ఆకులు పరుచుకుని కూర్చున్నవారిని చూస్తూ నిలబడిపోయాడు. జగ్గమ్మ లేచి వచ్చి అతని మోచేయి పట్టుకుంది. "ఏటి బాబూ అలా నిలబడిపోనావు? కూకో. ముందు తిను, తరవాత కొలుసుకో." కూర్చోబెట్టేసింది. ఆమె పట్టు వదిలించుకునే నియమం అతని నిబంధనల్లో లేనట్టుంది. పులిహోర తిన్నాడు, పప్పన్నం తిన్నాడు, ఉసిరి పచ్చడి రెండోసారి అడిగాడు. ఎదురుగా భావనారాయణ, ఉపవాసం విడవకుండానే, అతని ముద్దముద్దకూ గుటక వేస్తూ నిలుచున్నాడు.

చేయి కడుక్కుని హరిచరణ్ ఆయన భుజం మీద చేయి వేశాడు. ఈ ఊళ్ళో తాను అనుమతించిన నడకదారులన్నీ ఇప్పుడు బళ్ళకూ, జనరేటర్లకూ, అరటిగెలలకూ నిలయాలయ్యాయని, మనుషులు నీడకు వచ్చి చేరిన దారి ఇదొక్కటేనని చెప్పాడు. గోతులు పూడిస్తే చాలు. పొయ్యిలు తాను చూడలేదు. భావనారాయణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ధాత్రీదేవి తనను రక్షించిందని మనసులో స్తోత్రం మొదలుపెట్టి రెండో పాదానికి వచ్చేసరికి, హరిచరణ్ టేపు విప్పి చెట్టు మొదలు నుంచి దుకాణం మెట్ల దాకా చాచాడు. అధికారి ముఖం వాలిపోయింది.

"ఇక్కడ మనిషి పట్టడండీ," అన్నాడు చాలా బాధగా. "ఆరడుగులు ఉండాలి. చెట్టైనా తీయాలి, మెట్లైనా తీయాలి. మీరే చెప్పండి, దేన్ని తీసేస్తారు? సాయంత్రానికి పత్రం పంపిస్తాను."

ముద్దలు విస్తళ్ళ మీదే ఆగిపోయాయి. జగ్గమ్మ భావనారాయణను బతిమాలలేదు, ఊరికే చూసింది. పులిహోరతో వచ్చి పంక్తిలో కూర్చున్న శ్యామలాంబ, తీర్థం పోయించుకోవడానికి చాచిన చేయి అలాగే ఉంచింది. వరదనీటికి భయపడి ఛాతీ ఎత్తున కట్టించిన పునాది అది. మెట్లు లేకపోతే ఆ దుకాణంలోకి ఎక్కగలిగేది పిల్లులే. ఈ సంగతి భావనారాయణకు స్పష్టంగా తెలుసు. ఒక్క గొడ్డలి, ఒక్క పూట, పౌర్ణమికి దుకాణం. ఆయన నోటిదాకా వచ్చిన మాట అదే. కానీ గాలి వీచి ఒక పండిన ఉసిరికాయ రాలి ఆయన పాదం మీద పడింది.

"మెట్లు తీయించేస్తాను బాబూ," అన్నాడు. ఆ కంఠం తనదేనా అని ఆయనే తిరిగి చూసుకున్నాడు.

పత్రం మాట ప్రకారం వచ్చింది. మెట్లు కూడా మాట ప్రకారం వెళ్ళిపోయాయి. పునాదిని లోపలికి తొలిచి కొత్త మెట్లు కట్టడానికి మేస్త్రీ వెంకటేష్ ఒప్పుకున్నాడు గానీ కార్తీకం వెళ్ళాకే వస్తానన్నాడు. పౌర్ణమినాడు ముహూర్తానికి ధనరాజు పురోహితుణ్ణి చంకల కింద చేతులు వేసి ఎత్తి దుకాణంలో పెట్టాడు. లోపల దీపం వెలిగింది, దానితోపాటు కరెంటు దీపాలూ వెలిగాయి. వాటిని చూడడానికి లోపలికి ఎక్కిన కొనుగోలుదారు ఒక్కరూ లేరు. ఒక చెక్క నిచ్చెన వేద్దామని ధనరాజు అన్నాడు. అది నడకదారికి అడ్డమవుతుందని భావనారాయణే వారించాడు.

అవతల పాత దుకాణం నుంచి సెల్‌ఫోన్లవాళ్ళు చీరల మూటలను ఒక్కొక్కటిగా తెచ్చి ఆయన ముందు దించుతున్నారు. వేరే దారిలేక ఉసిరిచెట్టు నీడలో జంపఖానా పరిపించి, మూటలు విప్పి, ఆయన వాటి మధ్య కూర్చున్నాడు. పౌర్ణమి దీపాలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు అక్కడే కూలబడి చీరలు విప్పడం మొదలుపెట్టారు. బోణీ జగ్గమ్మది. మధ్యాహ్నానికి మూటల్లోంచి ఇంకా తీయమని అరుపులు. పాత దుకాణంలో ఏ పండక్కీ చూడని గిరాకీని చూసి ఆయన మనసు మెల్లగా కుదుటపడుతుండగా, చెట్టు చాటు నుంచి టేపు చప్పుడు వినిపించింది.

హరిచరణ్ చెట్టు నుంచి గోడ దాకా కొలిచాడు. పూర్తిగా ఆరడుగులు ఉంది. ఆ ఆరడుగుల్లో మిగిలిన అడ్డంకి ఇప్పుడు చీరల మూటలతో సహా కూర్చున్న దుకాణం యజమాని ఒక్కడే.