ఓడ దిగిన సూర్యుడు

ముసురు పట్టిన ఆ పొద్దున గురునాథరావు వేసుకున్న పథకం చాలా తేలికైనది. ఇంజనీరు భీమశంకరరావు గారి బట్టల మూటను మిషన్లో వెయ్యాలి. ఆరిన బట్టలు మడతపెట్టి మధ్యాహ్నానికల్లా ఇచ్చెయ్యాలి. ఫ్యాక్టరీలో ఖాళీగా ఉన్న ఫోర్‌మన్ కుర్చీలో కూర్చోవాలి.

ఇంజనీరు గారి భార్య రాజమండ్రిలో పుట్టింటికి వెళ్ళింది. ముసురుకి ఆయన చొక్కా ఒక్కటీ ఆరడం లేదు. సాయంత్రం దువ్వాడలో రైలెక్కి పెద్దాఫీసు మీటింగుకు వెళ్ళాలి. "మా ఇంట్లో ఫారిన్ మిషనుందండి. అదే ఉతుకుతాది, అదే ఆరబెడతాది" అని గురునాథరావు తానే అడిగి మూట తెచ్చుకున్నాడు. ఆ మిషను ఇంటికి చేరింది ముందురోజు సాయంత్రం. దాన్ని ఇంకా ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

హార్బరులో ఒక ఓడ వంటవాడి దగ్గర కొన్నాడు దాన్ని. మొహాన ఒక మీట, దాని పక్కన రెండు బొమ్మలున్నాయి. నీటిచుక్క వైపు తిప్పితే ఉతుకుతుంది, సూర్యుడి వైపు తిప్పితే ఆరబెడుతుంది. వంటవాడు ఇంకా ఏదో చేతులు తిప్పుతూ చెప్పాడు. గురునాథరావు అంతా తెలిసినట్టే తలూపాడు. ఇంటికి రాగానే బట్టలుతికే నూకాలును మాన్పించి, వరండాలో దండెం తాడు కూడా విప్పేశాడు.

"తాడెందుకు తీసేరు?" అంది భార్య తాయారు.

"ఫారిన్ మిషనున్నింట్లో తాడేటే? నలుగురూ సూత్తే నవ్వుతారు."

తాయారు ఆ తాడును చుట్టి పెట్టెలో దాచింది. మొగుడి తెలివి మీద ఆమెకు అంత నమ్మకం.

మిషను ఉతకడం బాగానే ఉతికింది. వెంటనే గురునాథరావు గోడకున్న మర బిగించాడు. ఆ మర బిగిస్తే మిషనుకూ, పక్కనున్న కొళాయికీ కూడా నీళ్ళు ఆగిపోతాయి.

"మర కట్టేసేరేటండీ?"

"ఆరబెట్టడానికి నీళ్ళేటే, పిచ్చిమొకమా! సూర్యుడికి నీళ్ళతో పనేటి?" అంటూ మీట సూర్యుడి వైపు తిప్పాడు.

మిషను చాలాసేపు గుర్రుమంది. తలుపు తీస్తే గుప్పున ఆవిరి కొట్టింది. చొక్కాలు ఇడ్లీల్లా పొగలు కక్కుతున్నాయి. వేడికి లోటు లేదు, తడికీ లోటు లేదు.

"ఉడికినాయి. సట్నీ సెయ్యమంతారేటి?" అంది తాయారు.

గురునాథరావు సగం బట్టలు తీసేసి మళ్ళీ తిప్పాడు. ఈసారి సగం ఇడ్లీలు వచ్చాయి. ఇక లాభం లేదని బావమరిది సన్యాసిరాజుకు కబురుపెట్టాడు. సన్యాసిరాజు ఏ మిషనునైనా విప్పగలడు. బిగించగలడా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అతను వెనక రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాడు.

"గాలాడతం లేదు బావా. ఊపిరాడకపోతే నువ్వు మాత్రం ఆరతావేటి?"

ఫ్యాను గాలికి గురునాథరావు చెమట ఆరింది. చొక్కాలు ఆరలేదు.

"అయితే పొడి తువ్వాలొకటి ఏసి తిప్పు బావా. తడంతా పీల్సేత్తాది" అంటూ సన్యాసిరాజు కొక్కేనికున్న ఎర్ర తువ్వాలు లాగాడు.

"ఒరే, ఆ ఎర్రది రంగు దిగుతాదిరా!" అని వంటింట్లోంచి తాయారు అరిచేసరికే పని జరిగిపోయింది. ఇంజనీరు గారి తెల్ల చొక్కాలన్నీ పెళ్ళికూతుళ్ళలా సిగ్గుపడి ఎరుపెక్కాయి. సన్యాసిరాజుకు ఉన్నట్టుండి డ్యూటీ గుర్తొచ్చింది. గురునాథరావు మర విప్పాడు, రంగు పోయేలా మళ్ళీ ఉతికాడు, శ్రద్ధగా మర బిగించి సూర్యుడి వైపు తిప్పాడు. రంగు సగమే పోయింది. మధ్యాహ్నం మాత్రం పూర్తిగా పోయింది.

అప్పుడు గుమ్మంలో భీమశంకరరావు గారు కనిపించారు. ఒంటి మీద లుంగీ, రెయిన్‌కోటు. మిగతావన్నీ ఈ ఇంట్లోనే ఉన్నాయి మరి.

"ఏవండీ గురునాథరావు గారూ, రైలు టైమైపోతోందండీ. నా బట్టలేవండీ?"

"అయిపోవచ్చినాయండి. కాళ్ళు కడుక్కుని కూకోండి."

ఆయన కాళ్ళకు మోకాళ్ళదాకా బురద. తానే గోడ మర విప్పి, కొళాయి కింద కాళ్ళు కడుక్కుని, కొళాయి మాత్రం కట్టి వచ్చి కూర్చున్నారు. గురునాథరావు చెయ్యి మర దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇంజనీరు విప్పిన మరను కట్టే ధైర్యం కాబోయే ఫోర్‌మన్‌కు ఎక్కడిది?

తాయారు కాఫీ ఇచ్చింది. మిషను గొంతు మారింది. దాని కింది గొట్టంలోంచి గోరువెచ్చటి నీళ్ళు కారసాగాయి.

"ఓలమ్మో, పాడైపోనాదే! నీళ్ళు కారిపోతన్నాయి!" అని గురునాథరావు గుసగుసలాడాడు.

"కారనీండి. ఆయనిప్పింది మీరు కడతారేటి?"

రెండో కాఫీ కూడా అయ్యాక తలుపు తీశారు. చొక్కాలు అప్పడాల్లా పెళపెళలాడాయి.

భీమశంకరరావు గారు మిషను చుట్టూ తిరిగి, మరనూ గొట్టాన్నీ చూశారు. "లోపలి ఆవిరి నీళ్ళై బయటికి పోవాలంటే చన్నీళ్ళు తగలాలి కదండీ. పొద్దున్నుంచీ మర కట్టేసి ఉంచారా ఏవిటి?"

"అవునండి. సుక్క నీరు కూడా పోనియ్యలేదండి" అన్నాడు గురునాథరావు గర్వంగా.

"రోజూ తెల్లారి సూర్యుడికి సెంబుడు నీళ్ళొదుల్తారు గదా" అంది తాయారు, వంటింటి గుమ్మంలోంచి. "ఈ సూర్యుడేం పాపం సేసేడో!"

ఇంజనీరు గారు లేత గులాబీ చొక్కాను వెలుతురుకు పట్టి చూశారు. తొడుక్కుని రైలెక్కారు.

ఆయన తిరిగి వచ్చాక ఆర్డర్లు వచ్చాయి. ఫోర్‌మన్ కుర్చీ ఇంకెవరికో వెళ్ళింది. ఫ్యాక్టరీ క్వార్టర్లలో నీళ్ళ దుబారా ఎక్కువైందని, కొళాయి కట్టడంలో ఇంత నిష్ఠ గల మనిషి మరొకడు లేడని, గురునాథరావును క్వార్టర్ల పంపుహౌసుకు వేశారు. తాయారు పెట్టెలోంచి తాడు తీసి వరండాలో కట్టింది.

క్వార్టర్లకిప్పుడు నీళ్ళు పొద్దున కాసేపే వస్తాయి. మిగతా వేళంతా మర గురునాథరావు చేతిలో ఉంటుంది.